రాయ్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కి రెండు గంటల విమానం

జగదల్‌పూర్‌లో ఉండే మా చెల్లెలు సుధ కొడుక్కి చెవులు కుట్టించడానికి ఉదయం పదీ యాభైకి ముహూర్తం పెట్టారు. పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సింది మేనమామ, అంటే నేను. భిలాయి నుంచి రోడ్డు మీద ఏడు గంటలు. నెట్‌లో చూస్తే రాయ్‌పూర్, జగదల్‌పూర్ విమానాశ్రయాల మధ్య గాలిలో రెండొందల ముప్ఫై చిల్లర కిలోమీటర్లు, గంట ప్రయాణం. నాకూ నాన్నకూ ఎనిమిదిన్నర విమానానికి టికెట్లు కొనేశాను. స్టీలు ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన నాన్న మాత్రం "ముందురోజే బస్సెక్కేద్దాం రా" అని నస పెడుతూనే ఉన్నారు. నేను వింటేగా!

ఆరింటికి సెక్టర్ 6లో టాక్సీ ఎక్కాం, పద్నాలుగు వందలకు మాట్లాడుకుని. గంటంపావులో విమానాశ్రయం. మేం ఎక్కడికి వెళ్తున్నామో విన్న డ్రైవర్, "చలికాలం అక్కడ పొగమంచు భయ్యా, పొద్దున ఫ్లైట్‌కి గ్యారంటీ లేదు" అన్నాడు. ఆ మాటా నాకు రుచించలేదు.

విమానం వేళకే లేచింది. జగదల్‌పూర్ మీదికి వచ్చాక కిటికీలోంచి చూస్తే కింద తెల్లటి మంచు తప్ప ఊరు లేదు. కాసేపు చక్కర్లు కొట్టి, దిగడం కుదరదని చెప్పి వెనక్కి తిప్పేశారు. పదీ నలభైకి మళ్లీ రాయ్‌పూర్‌లోనే ఉన్నాం.

సుధకి ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతో, "ఇప్పుడేటి చెయ్యను అన్నయ్యా? పది నిమిషాలే ఉంది. మళ్లీ మంచిరోజు ఇప్పట్లో లేదంటన్నారు పంతులుగారు" అంది. నాన్న ఫోన్ లాక్కున్నారు.

"తరవాతి షిఫ్టు రిలీవర్ రాకపోతే ఉన్నోడే డ్యూటీ చెయ్యాలమ్మా. పక్క క్వార్టర్ దినేశ్‌కి ఏటా రాఖీ కడతావు గదా? ఆడి ఒళ్లో కూకోబెట్టు."

నేను మధ్యలో అడ్డుపడ్డాను. "నా చోటు ఎవరికో ఎలా ఇచ్చేస్తారు నాన్నా?"

నాన్న తొణకలేదు. "నీ చెవులు కుట్టిన్నాడు మీ మావ శ్రీకాకుళం నుంచి రాలేకపోనాడు రా. నిన్ను ఒళ్లో ఎట్టుకున్నది సాహు. నీకేటి తక్కువైపోనాది?"

సాహు నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసిన ఛత్తీస్‌గఢ్ ఆయన. ఊహ తెలిసినప్పటి నుంచీ సాహు మామయ్య అనే పిలుస్తున్నాను. ఎందుకని ఏనాడూ అడగలేదు.

మళ్లీ టాక్సీ మాట్లాడుకుని ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్ మీదుగా సాయంత్రానికి చేరాం. దినేశ్ భుజం మీద మేనల్లుడు బంగారు పోగులతో నిద్రపోతున్నాడు. అతను లేచి, పిల్లాణ్ని మెల్లగా నా చేతుల్లో పెట్టాడు. పొద్దున్నుంచీ అతనంటే మంటగా ఉన్నందుకు సిగ్గేసింది.

గంట ప్రయాణం అని నెట్ చెప్పింది అబద్ధం కాదు. ఆ గంటకి ముందూ వెనకా ఉండేదాన్ని నేనే లెక్కలోకి తీసుకోలేదు. చలికాలంలో ఇలాంటి చిన్న విమానాశ్రయానికి ఉదయం ముహూర్తం పెట్టుకుని వెళ్లేవాళ్లు ముందురోజే చేరిపోండి. తిరిగొచ్చాక శుభకార్యం లడ్డూలు పట్టుకుని భిలాయిలోనే రిసాలిలో ఉండే సాహు మామయ్య ఇంటికి వెళ్లాను. సంగతంతా చెప్పి, ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నా చెవి తమ్మె పట్టుకుని, నాన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో అన్నారు:

"చెప్పడానికి ఏటుంది బేటా? మీ మావ రాలేదు. నేను డబుల్ డ్యూటీ చేసినాను."