కొల్లేటి నేల మీద ఇనప పొయ్యి

ఏలూరులో కొన్న చెప్పులతో నాకొక ఇబ్బంది ఉంది. కొల్లేరు దాకా జతగానే వస్తాయి. మా అత్తగారి పెరట్లో కాలు పెట్టగానే ఒకటి నాతో వస్తుంది, రెండోది బురదలో ఆగిపోతుంది. ఆ పెరట్లోనే, ఆరుగురు పడితే గాని లేవని ఇనప కట్టెల పొయ్యిని నిలబెట్టే పని మా బావమరిదికీ నాకూ పడింది. నేను కాలేజీలో కామర్సు చెబుతాను కాబట్టి అర్హతకు లోటు లేదు.

చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళకు అత్తగారు భోజనాలు వండి పంపేవారు. పోయిన వర్షాకాలంలో పొయ్యి కింద నేల ఒక పక్కకు కుంగి, మరుగుతున్న గంజితో సహా అన్నం గుండిగ ఆవిడ కుడి పాదం మీదకు ఒరిగింది. పాదం మానింది, వంట మాత్రం ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ మొదలుపెడతారన్న ఆశతోనే, తాడేపల్లిగూడెంలో మూతపడ్డ ఒక కల్యాణమండపం నుంచి ఈ పొయ్యి తెప్పించాం. లారీలోంచి దించి, టీ తాగి వచ్చేసరికి దాని కాలొకటి జానెడు లోపలికి దిగిపోయింది.

"ఇది మామూలు దిమ్మెకి ఆగేది కాదండీ బావగారూ," అన్నాడు బావమరిది.

తవ్వాం. మోకాలి లోతులో ఆల్చిప్పలు బయటపడ్డాయి, నిన్ననే ఎవరో కడిగిపెట్టినట్టు తెల్లగా. ఇంకాస్త తవ్వితే నల్లమట్టిలోంచి నీళ్ళు ఊరాయి. ఇద్దరం పారలు దించేశాం. ఇన్నేళ్ళుగా నేను అల్లుడి మర్యాదలు అందుకుంటున్నది సరస్సు అడుగునని ఆ రోజే తెలిసింది.

"నేల మీద పెడుతున్నామనుకోకండి. నీళ్ళ మీదనుకోండి," అన్నారు అత్తగారు వసారాలోంచి.

"అయితే తెప్ప కడదామమ్మా," అన్నాడు బావమరిది.

కాలవ మీద కొత్త వంతెన వచ్చాక పాతదాన్ని పీకి గట్టున పడేసిన తాటిదుంగలు లాక్కొచ్చాం. ఎంతకాలం నీళ్ళలో నానాయో గాని, మేకు కొడితే మేకే వంగింది. గోతిలో ఇసుక పోసి, దుంగలు నిలువునా ఒక వరస, అడ్డంగా ఒక వరస పరిచి, పైన ఇటుకలతో దిమ్మె కట్టాం. అది ఆరకముందే బావమరిది చెరువులవాళ్ళకు రేపటి నుంచి భోజనమని మాటిచ్చేసి, ఆ తర్వాత ఆరేదాకా ఆ రేపుని జరుపుతూ వచ్చాడు.

చివరికి పొయ్యి ఎక్కించి, పెద్ద గుండిగలో మెడ దాకా నీళ్ళు పోసి, సరుగుడు కట్టెలు అంటించాం. మంట లేచింది. గుండిగలో నీళ్ళు ఏ పక్కా ఎక్కువ కాకుండా, చుట్టూ ఒకే గీతగా నిలిచాయి. అంత ఇనుమునీ అంత నిప్పునీ కింద కొల్లేరు మోస్తోంది, చప్పుడు చెయ్యకుండా. బావమరిది దండం పెట్టాడు, దేవుడికో దుంగలకో నేను అడగలేదు.

అత్తగారు పొయ్యి చుట్టూ తిరిగారు. దిమ్మెను అరచేత్తో తట్టి చూశారు. నీళ్ళు కళపెళమన్నాయి. ఆవిడ కుడికాలు వెనక్కి పోయింది.

"బియ్యం పొయ్యమంటావా అమ్మా?"

"పొయ్యి కదలదు లేరా," అని, ఆవిడ నా వైపు తిరిగారు. "నాకే భయం పోలేదండీ అల్లుడుగారూ. రేపటికి వండే మనిషిని చూసుకోండి."