సిమెంటుకి నేను చేసిన వైద్యం

ఈ మధ్య బిస్కెట్లకి బొత్తిగా నిలకడ లేకుండా పోయింది. టీలో ముంచి పైకి తీసేలోపు సగం కప్పులోనే ఉండిపోతోంది. ఆ రోజుల్లో, అంటే మాదాపూర్‌లో బండరాళ్లు ఎక్కువగానూ అద్దాల మేడలు తక్కువగానూ ఉన్న రోజుల్లో, బిస్కెట్టు ఎంతసేపు మునిగినా గట్టిగానే పైకొచ్చేది. నా చదువే అంత గట్టిది కాదు.

పశువైద్యంలో పట్టా పుచ్చుకుని, కోస్తా నుంచి వచ్చి, ఒక పెద్ద డాక్టరుగారి క్లినిక్‌లో చేరాను. ఆయన గేదెల కోసం తెల్లాపూర్ వైపు తిరిగేవారు. కుక్కలూ పిల్లులూ నా వాటా. (పిల్లులు రాలేదు. పిల్లి వాంతుల మీద నా నోట్సు నాలుగు పేజీలకి పైనే ఉండేది గానీ, పిల్లిని డాక్టరుకి చూపించాలన్న ఆలోచన అక్కడ ఇంకా ఎవరికీ రాలేదు.) చివరికి ఒక సోమవారం, పక్కనే కడుతున్న భవనానికి కాపలా ఉండే పాలమూరు తాత తన కుక్కని తెచ్చాడు. సిమెంటు బస్తాల గదిలో పుట్టింది, రంగూ అదే, పేరూ అదే. కూలీల విందులో మిగిలిన మాంసం కొవ్వు తిని రెండు రోజులుగా కక్కుతోందట. వాంతి చూస్తే సగం రోగం తెలుస్తుందని కాలేజీలో మా మాస్టారు చెప్పేవారు. పుల్లతో కెలికి ఆ సగం తెలుసుకున్నాను. ఒక పూట పస్తు, తర్వాత పల్చటి గంజి, రోజూ పొద్దున ఒక సూది. సూది కనబడగానే బల్ల కిందికి దూరేది సిమెంటు. నాకు మనసొప్పక, నా టీలో ముంచిన బిస్కెట్టు చూపించి బయటికి రప్పించేవాణ్ణి. భయం పోగొట్టడమూ వైద్యమే కదా. తాత చేతులు కట్టుకుని భక్తిగా చూసేవాడు.

వారం కావస్తున్నా వాంతులు తగ్గలేదు. నులిపురుగులన్నాను. మేకు మింగిందేమోనని పొట్టంతా నొక్కాను. కాలేయాన్నీ, మూత్రపిండాల్నీ, రంగుల డబ్బాల్నీ వరసగా అనుమానించి, ఎవరూ దొరక్క తాతని పట్టుకున్నాను. చాటుగా ఏం పెడుతున్నావని పోలీసులా రోజూ అడిగాను. గంజి తప్ప ఇంకేం పెట్టలేదని ఆయన కుక్క తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. నేను నమ్మలేదు. శనివారం వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు.

"సోమారం మళ్ల గేటు కాడ కక్కిందనుకో, లారీల ఏసి నార్సింగి అవతల ఇడిచిపెడ్తనన్నడు సూపర్‌వైజరు. గిది పోతే నేను ఎవలతోని మాట్లాడాలె సారూ?"

ఆదివారం నాకు సెలవు, సూది కాంపౌండరు వేస్తాడు. ఆ రోజంతా పుస్తకం తిరగేస్తూనే ఉన్నాను. సోమవారం సిమెంటు తోక ఊపుకుంటూ వచ్చింది. నిన్న కక్కలేదట, ఇవాళ పొద్దున కూడా కక్కలేదట. అంతా నా మందు గొప్పే అని చెప్పబోతూ అలవాటుగా బిస్కెట్టు టీలో ముంచాను.

"కాంపౌండరు సూదైతే ఏసిండు సారు," అన్నాడు తాత. "గా రెండో మందే ఇయ్యలె."

"రెండో మందేంటి తాతా?"

"గదే, నీ చేతిల ఉన్నది. డాక్టరు పెట్టేది మందే గద అనుకున్న."

ఎంత గట్టి బిస్కెట్టయినా మరీ ఎక్కువసేపు ముంచి ఉంచితే విరుగుతుందని అప్పుడే తెలిసింది. పుండు మీద కారంలా ఆ నీరసపు కడుపులో రోజూ ఇన్ని పాలూ చక్కెరా పోసింది నేనేనని ఒప్పుకున్నాను. సిమెంటు మళ్లీ కక్కలేదు. లారీ ఎక్కలేదు. భవనం పూర్తయ్యేదాకా గేటు దగ్గరే తాత చెప్పే కబుర్లన్నీ వింటూ లావెక్కింది.

ఇప్పుడు పుప్పాలగూడలో నా క్లినిక్‌కి పిల్లులు కూడా వస్తున్నాయి. తెచ్చినవాళ్లని ఇరవై ప్రశ్నలు అడుగుతాను. అడుగుతుంటే, చేతిలో సగం బిస్కెట్టుతో నిలబడ్డ ఆ కుర్ర డాక్టరు గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా. తాత మాత్రం ఆ పొద్దున నవ్వలేదు. కుక్కని చంకనెత్తుకుని, నా వైపు తేరిపార చూసి అన్నాడు:

"వారం దినాల సంది ఏం పెట్టినవ్, ఏం పెట్టినవ్ అని నన్నే అడిగినవ్ సారు. ఒక్కసారన్న నిన్ను నువ్వు అడిగినవా?"