పోచమ్మ వరుసలో టీకా పాట

1970 జూన్‌లో నన్ను బీదర్ జిల్లా ఆరోగ్య కార్యాలయానికి ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటర్‌గా బదిలీ చేశారు. అప్పటికి మాది ఇంకా మైసూరు రాష్ట్రమే. ఈ హోదాలో ఉన్నవాడు సూది పట్టడు, మందు ఇవ్వడు. టీకా వేయించుకోవడానికి జనాన్ని ఒప్పించడమే అతని పని. టీకాలు వేసే సిబ్బందికి వేరే పర్యవేక్షకుడు ఉండేవాడు. మేము ముందురోజు జీపులో మైకు పెట్టుకుని ఊరికి వెళ్ళేవాళ్ళం. మర్నాడు పొద్దున వాళ్ళు ఇంటింటికీ తిరిగేవారు.

ఆ ఏడాది మశూచి ప్రచారానికి ఒక గాయనిని మూడు నెలల పరీక్ష మీద తీసుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. గడువు చివర నేను సిఫారసు రాయాలి, జిల్లా అధికారి ఒప్పుకోవాలి. అప్పుడే ఉద్యోగం నిలుస్తుంది. చిద్రిలో ఉండే సుగుణమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, క్రైస్తవ కుటుంబం, భర్త లేడు, బడికి పోయే ఆడపిల్లలు ఇద్దరు. ఒక ఆసుపత్రిలో చేస్తున్న ఆయా పని వదులుకుని వచ్చింది. ఇక్కడ కుదరకపోతే అక్కడ చోటు మిగలదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ముఖం నిండా మశూచి మచ్చలు. ఈ పనికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదని నేను డైరీలో రాసుకున్నాను.

దరఖాస్తులో 'సంగీత శిక్షణ' అని ఒక గడి ఉండేది. ఆమె చెప్పినది అందులో పట్టలేదు. తల్లి విసుర్రాయి తిప్పుతూ పాడిన పాటలు, చర్చిలో హార్మోనియం, టాంగాల అడ్డా దగ్గర విన్న దక్కనీ ఖవ్వాలీలు. మేనత్త బైబిలు స్త్రీ, అంటే పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఉద్యోగిని. ఆమె వెంట బసవకళ్యాణ్ దాకా వెళ్ళినప్పుడు బస్సుల్లో విన్న కన్నడ శివభక్తుల వచనాలు కూడా ఆ లెక్కలోనివే. గురువు పేరు అడిగితే నవ్వింది.

"ఎందర్ని రాస్తరు సారూ, జాగ చాలది."

ఆమె మాటలు మాత్రమే కట్టేది, వరుసలు, అంటే బాణీలు, కట్టేది కాదు. జనం ఎరిగిన వరుస ఒకటి తీసుకుని దానిమీద టీకా మాటలు కూర్చేది. "మొదలు నడక దొరకాలె. మాట దాని ఎంబడి అదే వస్తది" అనేది. ఒక నియమం కూడా పెట్టుకుంది. వరుస ఎవరి దగ్గర విన్నదో వాళ్ళకే కొత్త పాట మొదట వినిపించాలి. వాళ్ళు తల అడ్డంగా ఊపితే ఆ పాట అక్కడితో సరి. నా ఉద్దేశంలో అది కాలయాపన.

రెండో నెలలో బెంగుళూరు నుంచి తనిఖీ అధికారి వస్తున్నట్టు కబురు అందింది. నాలుగు రోజులు గడువు. అదే రోజు కార్యాలయం వరండాలో సుగుణమ్మ ఏదో కూనిరాగం తీస్తుంటే విన్నాను. అంతవరకు ఆమె పాడినవాటిలో అంత బలమైనది నేను వినలేదు. అది పోచమ్మ వరుస, మశూచి తల్లిని కొలిచే పాటది. ఆమెకు చిన్నతనంలో మశూచి వచ్చినప్పుడు పక్కింటి నర్సవ్వ మంచం దగ్గర కూర్చుని పాడిందట. దానిమీదే టీకా పాట కట్టమన్నాను.

"అది అట్ల తీస్కోరాదు సారూ. నర్సవ్వను అడుగాలె. ఆమె బిడ్డ తానికి పోయింది, వారం దాకా రాదు."

వరుస ఎవరి సొత్తూ కాదని, వారం ఆగే వీలు లేదని చెప్పాను. నేను పై అధికారిని కనుక ఆమె కట్టింది.

నౌబాద్ దాటి ఒక పల్లెలో మధ్యాహ్నం మూడింటికి మైకు పెట్టాం. రెండో చరణం పూర్తికాకముందే వీధి ఖాళీ అయింది. తల్లులు ఆడుకుంటున్న పిల్లలను రెక్క పట్టి లోపలికి లాక్కుపోయారు. గడపలకు వేపమండలు కట్టడం మొదలైంది. ఒక పెద్దమనిషి జీపు దగ్గరికి వచ్చి, "ఎవలింట్ల వచ్చింది సారూ తల్లి?" అని అడిగాడు. ఇంట్లో మశూచి ఉన్నప్పుడు తప్ప ఆ వరుస ఎవరూ ఎత్తరట. మాటల్లో టీకా అని వినబడుతున్నా, వరుస మాత్రం ఊళ్ళోకి రోగం వచ్చిందని చెప్పేసింది. అటువంటప్పుడు పిల్లలను బయటి మనిషి కంటపడనివ్వరు. మర్నాడు టీకా సిబ్బందికి పట్టుమని పదిమంది పిల్లలు కూడా దొరకలేదు. తనిఖీ అధికారి ఆ మూసిన తలుపులనే చూసి వెళ్ళాడు.

జిల్లా అధికారి నన్ను సంజాయిషీ అడిగారు. "వరుస ఎంపికలో పొరపాటు జరిగింది" అని చిత్తు రాశాను. అందులో గాయని ప్రస్తావన ఉంది కనుక సుగుణమ్మకు చదివి వినిపించాను.

"పొరపాటు జరిగిందంటే ఎవరు జేసిన్రని అడుగరా సారూ? నన్నే అనుకుంటరు."

ఆ మాట నిజం. పేరు లేని తప్పు ఫైలులో కిందికి జారుతూ అందరికన్నా చిన్న ఉద్యోగి దగ్గర ఆగుతుంది. ఆ సంగతి తెలిసే అలా రాశానని ఒప్పుకోవాలి. చిత్తు చించి, వరుస నేనే ఎంచానని, గాయని అభ్యంతరం చెప్పినా వినలేదని రాసి పంపాను. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు చేరింది. సుగుణమ్మ సంగతి ఇంకా తేలలేదు. అదే ఊళ్ళో మళ్ళీ పాడాలని, ఆ ఫలితాన్ని బట్టి నిర్ణయిస్తామని జవాబు వచ్చింది.

ఈలోగా నర్సవ్వ ఊరినుంచి తిరిగివచ్చింది. సుగుణమ్మ నన్ను ఆమె దగ్గరికి తీసుకువెళ్ళింది. డెబ్భై దాటిన ఆ ముసలమ్మ నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"ఏం సారూ, మైకుల బెట్టి తల్లిని పిలిస్తివా? పిలిస్తె రాకుంట ఉంటదా?"

రోగం తగ్గాక తల్లిని సాగనంపేటప్పుడు పాడే వరుస అయినా ఇప్పించమని సుగుణమ్మ బతిమాలింది. నర్సవ్వ కుదరదంది.

"అది గూడ ఇయ్య. ఇన్నేండ్లు మంది ఇండ్లల్ల అడుక్కుంటివి. నీకు నోరు లేదా బిడ్డా? నువ్వే కట్టుకో."

తర్వాతి అయిదు రోజులు సుగుణమ్మ సొంత వరుస కట్టే పనిలోనే ఉంది. ఆరో రోజు పొద్దున వరండాలో నిలబడి పాడింది. నడక విసుర్రాయిది. పల్లవి పైకి ఎక్కే తీరు చర్చిలోది. చివరి మాటను మళ్ళీ మళ్ళీ తిప్పడం టాంగాల అడ్డాది. ఇవి నేను తర్వాత విడదీసి రాసుకున్న సంగతులు. వింటున్నప్పుడు ఇది ఫలానా వరుస అని చెప్పలేకపోయాను.

అదే పల్లెలో అదే వేళకు పాడింది. మొదట ఎవరూ రాలేదు. కొంతసేపటికి ఒక తలుపు తెరుచుకుంది, ఒకావిడ కొంగు సర్దుకుంటూ జీపుదాకా వచ్చింది.

"ఇదేం పాటక్కా? మా దిక్కు ఇనలే. ఎవలది?"

"నాదే" అంది సుగుణమ్మ.

"నీదా? అయితే మల్లొకసారి పాడు."

సాయంత్రానికి సగం ఊరు జీపు చుట్టూ చేరింది. మర్నాడు పిల్లలు అంతమంది దొరకడంతో టీకా సిబ్బంది ఆ ఊళ్ళో పని ముగించుకునేసరికి మధ్యాహ్నం దాటింది. సుగుణమ్మకు ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఆమె తన వరుసల మీద కట్టిన పాటలు పదకొండు నా డైరీల్లో ఉన్నాయి. అరువు తెచ్చిన వరుసతో మాత్రం మళ్ళీ పాడలేదు.

మాటలు సరిగ్గా ఉంటే పాట పని చేస్తుందని నేను శిక్షణలో నేర్చుకున్నాను. ఆ వీధిలో జనం మాటలు వినకముందే వరుసను విన్నారు, విని తలుపులు వేసుకున్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పాటను ఆమోదించాలన్నా మొదట ఒకే ప్రశ్న వేసేవాణ్ణి. ఈ వరుస ఆ ఊళ్ళో చివరిసారి ఎప్పుడు, ఎవరింట్లో వినబడింది? జవాబు తెలియని పాటను నేను మైకు ఎక్కించలేదు.