ఖాసింబీ జలగలు

మొన్న ఆసుపత్రిలో ఒక నర్సు గాజు సీసా పట్టుకుని నా పక్కనుంచి వెళ్తుంటే తడి బంకమట్టి వాసన గుప్పుమంది. లోపల జలగలు. ఎవరికో తెగిన వేలు అతికించారట, అందులో నిలిచిపోయిన రక్తాన్ని పీల్చడానికట. ఈ వయసులోనూ సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

పంతొమ్మిది వందల యాభైలలో కర్నూలు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను కుర్ర డాక్టరును. పొగరు మెండు. వెనక వీధిలో జలగలు పట్టించే ముసలామె ఖాసింబీని గేటు దగ్గరకు కూడా రానిచ్చేవాణ్ని కాదు. ఎద్దు కొమ్ము తగిలి ముక్కు పోయిన ఓబులేసుకు మా సర్జన్ నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు కుట్టి, నాకు అప్పజెప్పి ఊరెళ్లాడు. మర్నాటికి అది నేరేడు పండులా నల్లబడింది. వెళ్లిన రక్తం వెనక్కి రావడంలేదు. "ముక్కు లేకుండా ఊర్లోకి యెట్ల పోయేది సామీ?" అని ఓబులేసు ఒకటే ఏడుపు. దిక్కుతోచక ఖాసింబీకే కబురు పెట్టాను.

ఆమె ఒక్క మాట దెప్పలేదు. కుండలోంచి రెండు జలగలు తీసి ముక్కుకు పట్టించింది. "ఒకరికి పట్టించింది ఇంగొకరికి పెట్టను నాయనా. దీన్ని లాగాకు, కడుపు నిండితే అదే రాలతాది. ఆ మింద గూడా రక్తం శానాసేపు కారతాది, గుడ్డ ఒత్తిపెట్టుకోని ఈడనే కూచోవాల" అంది. సాయంత్రానికి ముక్కు ఎరుపెక్కింది.

మర్నాడు ఆమె ఇంకో జలగను పట్టించి నమాజుకు వెళ్లినప్పుడు సర్జన్ వచ్చేశాడని తెలిసింది. జలగలతో దొరికితే నా పరువేం కాను? ఆ జలగను పటకారుతో పట్టి లాగేశాను. దాని పళ్లు లోపలే ఉండిపోయాయి. చీము పట్టి, వారంలో ముక్కు కొన ఊడిపోయింది. జలగ కాటు గుర్తుపట్టి సర్జన్ గద్దిస్తే, "ఆ ముసలామె నాకు తెలియకుండా పెట్టింది సార్" అన్నాను. ఖాసింబీ అక్కడే ఉంది. నా వంక ఒకసారి చూసి, కుండ చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఛీ, ఏం బతుకు నాది!

కొన్నేళ్లకు కడప బస్టాండులో ఓబులేసు కనిపించాడు. తప్పు ఒప్పుకోబోయాను.

"నువ్వు లాగింది నాకెరికే సార్, నా ముక్కు గదా! పెద్ద డాక్టరుకాడికి పోయి చెప్దాం పా అంటే ఖాసింబీ వద్దనింది. 'చిన్నోడప్పా, ఉద్యోగం పోతాది' అనింది."

"ఆమె ఇప్పుడెట్లా ఉంది?"

"ఆ చెడ్డపేరుతో ఎవురూ ఆమెను పిలవలే. చెనక్కాయలు ఒలిచి బతికింది. పోయినేడు సచ్చిపాయ."

ఆ తర్వాత ఏ గాయం దగ్గరా నేను తొందరపడలేదు. జనం నా ఓపికను మెచ్చుకుంటే తల దించుకుంటాను. అది ఖాసింబీ నేర్పిన ఓపిక. సర్జన్‌కు మాత్రం ఆయన పోయేదాకా నిజం చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. జలగను లాగింది నేను.