సున్నం చుక్క పెట్టిన తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకరి మాట ఒకరు నమ్మని ఎండాకాలం ఒకటి వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు పట్టాల మీద కూర్చున్నారు. మా స్టేషన్ ఘన్‌పూర్‌లో రైళ్లు ఆగాయి, బడికి తాళం పడింది. అప్పుడే నాకు తమ్ముడు పుట్టాడు.

పురుడు వెళ్లిందో లేదో, బట్టల మూటాయన మా వాకిట్లో దిగాడు. లేసు కుట్టిన అంగీలు, మెరిసే గుండీలు, కుచ్చుల టోపీలు పరిచాడు.

"చెల్లె, పట్నంల దుకాణాలు బంద్, రైళ్లు బంద్. గివే ఆఖరియి. రేపు ఏడ్చినా దొరకయ్" అన్నాడు.

అమ్మ చెయ్యి లేసు మీద నుంచి లేవలేదు. నన్ను పాత చీర పేలికల్లో పెంచానని ఆమెకు లోపల కుములుడు ఉండేది. కానీ ఆయనకు ఇవ్వడానికి గుమ్మిలో వడ్లు తప్ప ఏమున్నాయి? అవి తినేవి కావు, వాన పడితే చల్లుకునే విత్తనాలు. అవి పోతే ఆ ఏడు మడి బీడే. నాయిన పని మీద ఊరు దాటి పోయాడు. గుమ్మికి అడ్డంగా మా బాపమ్మ, నాయిన తల్లి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

ఆమె అరవలేదు. తమ్ముడి మొలతాడు కట్టగా మిగిలిన నల్లతాడు తెచ్చింది. మూటాయన అంగీ రొమ్ము చుట్టుకొలతకు దాన్ని పట్టి, కొలత ఆగిన చోట ముడి వేసింది. తమ్ముడి రొమ్ము చుట్టూ తిప్పితే అప్పుడు సరిగ్గా సరిపోయింది. ఆ తాడును గోడ గూటానికి వేలాడదీసింది.

"నెల ఆగి రా అన్న. గీ తాడు గప్పుడు గూడ పోరనికి సరిపోతే వడ్లు నేనే పోస్త."

మూటాయన సణుక్కుంటూ పోయాడు. అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ముసల్ది ముడి జరుపుతది. కన్నేసి ఉంచు బిడ్డా" అంది.

నాకూ అదే అనుమానం. బాపమ్మ తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి ముడి మీద చుక్క పెట్టాను. ముడి కదిపితే ఎండిన సున్నం రాలుతుంది కదా. ఆమె గూటం వైపు నడిస్తే చాలు, వెనకే పోయేదాన్ని. నీళ్ల కుండ అటే ఉన్నా, నీళ్లకే పోతోందని నమ్మలేదు.

నెల తిరగ్గానే మూటాయన మళ్లీ వచ్చాడు. అవే అంగీలు, ఇంకా పెద్దవి కూడా తెచ్చాడు.

"రైళ్లు ఆగినయ్ గదన్నా, ఇయ్యెట్ల వచ్చినయ్? నడిచొచ్చినయా?" అంది బాపమ్మ. ఆయన మూట సర్దుకోవడంలో పడ్డాడు.

తాడు దింపింది. సున్నం చెక్కుచెదరలేదు. తమ్ముడి రొమ్ము చుట్టూ తిప్పితే కొసా ముడీ కలవనే లేదు, నడుమ నా రెండు వేళ్లు పట్టాయి.

"రైలు ఆగితే పోరడు పెరుగుడు ఆగుతదా?" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత బాపమ్మ ముడిని వేలితో తడిమి, నా వైపు చూడకుండానే, "నా సున్నం దొంగిలించిందెవరో గని మంచి పని చేసిన్రు. ఇగ నా మాట ఎవ్వలు నమ్మనక్కర లేదు, సున్నమే చెప్పింది" అంది. ఆ సాయంత్రమే తన మెత్తటి చీర చెరుగు చింపి, వీపు మీద ముడులు వదులు చేసుకునేలా అంగీ కుట్టింది. వానలు పడ్డాక విత్తనాలు మడిలో చల్లుకున్నాం.

మా ఆయన పోయాక నేను కొడుకు దగ్గరే ఉంటున్నాను. మొన్న కోడలు పుట్టబోయే బిడ్డకని ఫోన్లో గౌన్లు చూపించి, "ఇయ్యాలటితోనే ఆఖరంట అత్తమ్మా" అంది. ఆఖరు అన్న మాట వినగానే నా కళ్లు ఇప్పటికీ చిన్నవవుతాయి. వద్దనలేదు. బిడ్డ పుట్టనీ అన్నాను, నల్లతాడు ఒకటి తీసి పెట్టాను. కోడలు అనుమానించకముందే దాని ముడి మీద సున్నం చుక్క నేనే పెడతాను.