రోడ్డుకు కుడివైపు చెరుకు

మొన్న బాన్సువాడ శివారులో పోలీసులు మా ఆటోను ఆపి, ఎవరో పెద్ద నాయకుడు ప్రచారానికి వస్తున్నాడంటూ ఎండలో నిలబెట్టినప్పుడు, తోటివాళ్ళంతా విసుక్కుంటుంటే నేను మాత్రం కుడివైపున్న వరిమడినే చూస్తూ ఉండిపోయాను. ఒకప్పుడు అక్కడ చెరుకు ఉండేది.

ఎనభైల నాటి మాట. నలుగురిలో నోరు విప్పలేక, తలుపు చాటున పుస్తకం పట్టుకు కూర్చుని, చెవిన పడ్డవన్నీ డైరీలో రాసుకునే వయసు నాది. నాయకులను ఎవరు ఏం చేస్తారోనని దేశమంతా బిక్కుబిక్కుమంటూ ఎన్నికలకు పోయిన ఆ రోజులు మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఢిల్లీ నాయకుడొకరు మా రోడ్డున వెళతాడని తెలియగానే పోలీసులు వచ్చి, నిలువెత్తు చెరుకులో మనిషి దాక్కుంటే కనపడడు కనుక రెండువైపులా కొట్టేయాలన్నారు. ఎడమవైపు చేను మాది. కుడివైపుది తండా అత్తది. సర్కారు పట్టా ఇచ్చిన భూమిలో ఆమె వేసుకున్న మొదటి చెరుకు. రక్తసంబంధం లేకపోయినా ఏటా నాన్నకు రాఖీ కట్టి అన్నా అని పిలిచేది కనుక నాకు అత్త.

నాన్న మాటకారి, ఎవరి తగవునైనా చల్లార్చగలడు. ఆ రోజు అధికారికి భోజనం పెట్టి, నేను చాయ్ తీసుకెళ్ళేసరికే మాట కుదుర్చుకున్నాడు: మా చేను చుట్టూ పోలీసులు కాపలా ఉంటారు, కుడివైపు చెరుకు కొట్టేస్తారు, తండాను ఒప్పించే పని నాన్నది.

అత్త మా గడపలోకి పరుగెత్తుకొచ్చింది. "ఇంకో రెండు నెలలైతే ఫ్యాక్టరీకి పోతదన్నా. పచ్చి చెరుకు ఎవలు తీసుకుంటరు? జర నువ్వు చెప్పరాదు!"

"అడ్డం పడితే నీ మీదనే అనుమానమొస్తది చెల్లె. నీ మంచికే చెప్తున్న," అన్నాడు నాన్న.

ఆమె మా చేను వైపు చూసింది. "ఏందన్నా, దొంగలు మా చెరుకులనే దాక్కుంటరా? నీ చెరుకుల దేవుళ్ళుంటరా?"

నాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు.

కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. ఒక్క అద్దమూ దిగలేదు. మా చెరుకులోంచి ఎవరూ బయటికి రాలేదు. అత్త చెరుకు బర్రెల పాలైంది.

మా చెరుకు పండి కొట్టుడుకు వచ్చినప్పుడు, కత్తులు పట్టుకొచ్చిన కూలీల్లో అత్త కూడా ఉంది. నాన్న ముఖం చూడకుండానే, "ఏడికెల్లి మొదలువెట్టాలె పటేలా?" అంది. మాటలతో ఊరినంతా గెలిచిన నాన్న చేత్తో చూపించాడు. ఆ ఏడు రాఖీకి ఆమె రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇప్పుడు రోడ్డుకు రెండువైపులా వరే, మనిషి దాక్కునేంత చాటెక్కడా లేదు. నాయకుడి కార్లు వెళ్ళిపోయాక మా ఆటో కదిలింది. దారిలో ఎక్కిన తండా అమ్మాయి, "మేడం, జర జరుగుండ్రి," అంది. ఆ పాత వరస నిలిచి ఉంటే నన్ను అత్తా అనేది. నేను జరిగి కూర్చున్నాను.