పుర్రచేతి సుత్తె ముద్ర

మా ఎల్లారెడ్డిలో అడవి శాఖ అని ఎవరూ అనేవారు కాదు. జంగ్లాత్ అనేవారు. నైజాం పోయి ఎన్నో ఏండ్లయినా ఆ మాట మాత్రం పోలేదు. ఎనభైల మొదట్లో నేను ఆ జంగ్లాత్‌లో రోజుకూలీ వాచర్‌గా చేరినప్పుడు మా అబ్బా మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన బజారులో దర్జీ. పెద్ద కొడుకు సౌదీ పోయాడు, చిన్నోడు కూడా అదే దారి పడతాడని ఆశపడ్డాడు. పది పాసైన వాడు చెట్లకు కావలి ఉండడం ఏం ఇజ్జత్ అని ఆయన బాధ. అమ్మీ మాత్రం, వీడికి చిన్నప్పటి నుంచీ ఇంట్లో కాలు నిలవదు, పోనీ అంది.

నిజమే, నిలిచేది కాదు. మిషను పక్కన కూర్చుని కాజాలు కుట్టమంటే ప్రాణం మీదికి వచ్చేది. గాంధారి వైపు గుట్టల్లో ఉన్న టేకు ప్లాంటేషన్‌కు పొమ్మంటే మాత్రం చాయ్ కూడా తాగకుండా సైకిలెక్కేవాణ్ణి. చలి తగ్గగానే గుట్ట చుట్టూ ఆకూ అలమూ ఊడ్చి, నిప్పు దాటకుండా బాటలు చెక్కేవాళ్లం. ఎండల్లో ఎక్కడన్నా పొగ లేస్తే పచ్చి మండలు విరుచుకుని ఉరికి కొట్టి ఆర్పేవాళ్లం. కనుబొమ్మలు కాలేవి, లుంగీలు కాలేవి. అయినా మర్నాడు మళ్లీ పోవాలనిపించేది. వానలు పట్టాక టేకు పూసినప్పుడు ఆ గుట్ట నాదే అన్నంత పొగరుండేది నాకు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

ఈ పని నాకు నేర్పింది మా ఫారెస్టరు సారు. రామారెడ్డి వైపు రైతు కుటుంబం ఆయనది. బెరడు గిల్లి వాసన చూపించి ఏది నల్లమద్దో, ఏది కొడిసెనో చెప్పేవాడు. ఎలుగుబంటి నడిచిన జాడ, గొడ్డలిదొంగ నడిచిన జాడ ఎట్లా వేరో చూపించేవాడు. నన్ను తమ్మీ అని తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. రంజాన్ పండుగకు మా ఇంటికి వచ్చి షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు తాగి, మూడోది అడిగి మరీ తాగేవాడు. మా అబ్బా మెత్తబడ్డది ఆయన్ను చూసే. అంత పెద్దాయన మన చాప మీద కూర్చున్నాడంటే వీడికి ఏదో దారి చూపిస్తాడు అనుకున్నాడు పాపం.

సారుకు మోకాళ్లు చెడ్డాయి. గుట్ట మొదట్లోనే ఆగి, మోదుగు చెట్టు నీడలో కూర్చుని రాసుకునేవాడు. పైకి ఎక్కేది నేను. మొదట్లో చెట్లు చూసి రమ్మని పంపేవాడు. రెండో ఏడు సుత్తె కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టాడు.

సుత్తె అంటే ఏమిటో చెప్పాలి. గాలికి పడ్డ చెట్టునైనా, ఎండిన చెట్టునైనా ఊరికే కోసి తీసుకుపోవడానికి లేదు. కొలత రాసుకుని, దుంగ మీదా, నేలలో మిగిలిన మోడు మీదా సర్కారు సుత్తెతో ముద్ర కొట్టాలి. దాని మొహాన అక్షరాలు చెక్కి ఉంటాయి. ముద్ర ఉంటే సర్కారు కట్టె, లేకుంటే దొంగకట్టె. ఆ సుత్తె ఫారెస్టరు చేయి దాటకూడదని రూలు. ఆ రూలు నాకు తెలియక కాదు. తెలిసే తీసుకున్నాను. పెద్ద నౌకరి చేసేవాళ్లకు కూడా దొరకని సుత్తె రోజుకూలీ వాణ్ణయిన నా చేతికి వచ్చిందంటే, సారు నన్ను సొంత తమ్ముడి లెక్కన చూస్తున్నాడని గుండె ఉబ్బిపోయింది. నా తెలివి అట్లా ఏడ్చింది.

నాది ఎడమచేతివాటం. నేను కొట్టిన ముద్ర ఒకవైపు లోతుగా దిగేది, రెండోవైపు తేలిపోయేది. సారు మొదటిసారి చూసి పడీపడీ నవ్వాడు. ఈ పుర్రచేతోని ముద్ర చీకట్లో తడిమినా నేను గుర్తుపడతా అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. మేమిద్దరం తప్ప ఆ ఒరుగుడు సంగతి పట్టించుకున్నవాళ్లు లేరు.

నాలుగో ఏడు మా అన్న సౌదీ నుంచి నా పేరు మీద వీసా పంపాడు. ఇంట్లో పండుగే. నేను పోయి సారుకు చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "పర్మినెంటు లిస్టుకు నీ పేరు రాసి కామారెడ్డికి పంపిన తమ్మీ. గార్డు నౌకరి నీకు ఖాయం. ఎడారిల పోయి ఏం చేస్తవ్, ఒక్క చెట్టుంటదా ఆడ?" అన్నాడు. అంతే, నేను ఇంటికొచ్చి పోనని చెప్పేశాను. ఆ వీసా మీద మా చిన్నాన్న కొడుకు పోయాడు. అబ్బా పోయి మిషను ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత ఏటా సారును అడిగేవాణ్ణి. ఏటా, మళ్లీ రాసి పంపిన తమ్మీ, పైన్నే ఆలస్యమైతుంది అనేవాడు.

అట్లా నేను చేరి ఎనిమిదేండ్లయింది. ఆ ఎండాకాలం చివర ఒక పెద్ద గాలివాన వచ్చి గుట్ట వెనక వాలులో టేకు చెట్లు పడిపోయాయి. సారు చెట్టు నీడలో, నేను వాలులో. పడ్డవాటికల్లా నేనే ముద్రలు కొట్టాను. పని అయిపోగానే ఆయన సుత్తె తీసుకుని, ఒక కవరు ఇచ్చి కామారెడ్డి ఆఫీసులో ఇచ్చి రమ్మన్నాడు. జవాబు తీసుకునే రమ్మని గట్టిగా చెప్పాడు. వాళ్లు రేపు, ఎల్లుండి అంటూ నన్ను వరండాలో కూర్చోబెట్టారు. మూడోరోజు వచ్చి చూద్దును కదా, వాలులో నిలువునా ఉన్న చెట్లు కూడా మోళ్లయి ఉన్నాయి. నేను నాటిన మొక్కలు కావు అవి, నాకంటే పెద్దవి. ఒక్కో మోడు మీదా ముద్ర ఉంది. వంగి వేలితో తడిమాను. నాలుగు మూలలా ఒకే లోతు. కుడిచేత్తో కొట్టిన ముద్ర.

అప్పటికీ నాకు అనుమానం ఆయన మీదికి పోలేదు. సుత్తె ఎవడో దొంగిలించాడనుకుని ఉరుక్కుంటూ పోయి చెప్పాను. ఆయన మొహంలో రంగు మారింది. ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటా అన్నాడు. కానీ దుంగలు దారిలో దొరికిపోయాయి, సారుకు పై ఆఫీసరు రేంజరు ఎంక్వైరీ పెట్టాడు. ఎంక్వైరీకని జంగ్లాత్ బంగ్లాకు పోయే దారిలో కూడా సారు నా పక్కనే నడుస్తూ, భయపడకు, నేనున్న గదా అన్నాడు. ఆ మాట నమ్ముకునే లోపలికి పోయాను.

రేంజరు కొత్తగా వచ్చిన మనిషి. పచ్చి చెట్ల మోళ్ల మీద ముద్ర ఎవరు కొట్టారని అడిగాడు. సారు నేల చూపులు చూస్తున్నాడు. ఆయన్ను కాపాడే మాట నా దగ్గర ఉందని నాకు తోచింది. చూడండి నా మూర్ఖత్వం! ఆయన్నే కాపాడాలనుకున్నాను. ఈ ముద్రలు దొంగవి సార్, మావి కావు అన్నాను. ఎట్లా చెప్తావని రేంజరు అడిగాడు. మోళ్లు వచ్చి చూడండి, నేను కొట్టినవి ఒకపక్కకు ఒరిగి ఉంటాయి, ఇవి సాపుగా ఉన్నాయి, సారుకు కూడా తెలుసు అని గడగడా చెప్పుకుపోయాను.

రేంజరు కలం ఆపాడు. "అంటే సుత్తె నీ చేతుల ఉంటుండెనా?" అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది నేనెక్కడ కాలు పెట్టానో. సారు వైపు తిరిగాను. నేనే ఇచ్చిన సార్, నా మోకాళ్లు బాగలేవు అని ఒక్క మాటంటే చాలు. మహా అయితే ఆయనకు ఒక మందలింపు కాగితం వచ్చేది. ఆయన తలెత్తి, రేంజరును మాత్రమే చూస్తూ అన్నాడు:

"సుత్తె నా పెట్టెల్నే ఉంటది సార్. ఈ మనిషి ఇంటికి వస్తుంటడు, పోతుంటడు. ఎప్పుడు తీసిండో నాకెరుక లేదు."

ఎనిమిదేండ్ల తమ్మి ఒక్క నిమిషంలో ఈ మనిషి అయిపోయాడు. నా కండ్లలో నీళ్లు తిరిగితే, అదే తప్పు ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. కేసు పెట్టకుండా వదిలేస్తున్నామని, రేపటి నుంచి జంగల్లో అడుగు పెట్టొద్దని చెప్పి పంపించారు. ఇంటికొచ్చి అబ్బాకు చెబితే ఆయన సూది పక్కన పెట్టి, నువ్వు చేయలేదు కదా అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. అయితే అన్నం తిను అన్నాడు.

భయపడ్డ మనిషి అబద్ధమాడతాడు. పిల్లలున్నవాడు, నౌకరి పోతే బజారున పడతాడు. ఆ కట్టెలో ఆయనకు వాటా ఉందో, ఎవరైనా బెదిరించి సుత్తె లాక్కున్నారో నాకు ఈనాటికీ తెలియదు. కొన్ని నెలలకు ఇట్లా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కనీసం పర్మినెంటు లిస్టులో పాత సిఫారసులు ఉంటాయి, వాటిని చూపించి పెద్దసారుకు అర్జీ పెట్టుకుందామని కామారెడ్డి పోయాను. అక్కడి గుమాస్తా మంచివాడు. వరండాలో మూడు రోజులు కూర్చున్న నన్ను గుర్తుపట్టాడు. ఏండ్లవారీగా ఫైళ్లు తీసి, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన పేర్లు వేలు పెట్టి చూశాడు. రెండోసారి కూడా చూశాడు. తర్వాత నా మొహం చూడలేక ఫైలు వైపే చూస్తూ, "నీ పేరు ఎన్నడు రాలేదు బాబు. ఒక్క ఏడు గూడ రాలేదు," అన్నాడు.

అక్కడి నుంచి వచ్చి, బస్సు దిగి తిన్నగా సారు ఇంటికే పోయాను. ఆయన ముందరింట్లో కాళ్లు చాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. సుత్తె మాట నేను ఎత్తలేదు. నా పేరు ఎందుకు రాయలేదని అడిగాను. కోప్పడతాడనో, గుమాస్తా మీద నెడతాడనో అనుకున్నాను. ఆయన నూనె గిన్నె పక్కన పెట్టాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేనట్టు, మామూలుగా చెప్పాడు.

"నువ్వు గార్డువైతే యాడికో ఏస్తరు. నా గుట్ట ఎవరెక్కుతరు తమ్మీ?"

మళ్లీ తమ్మీ అన్నాడు. ఆ పిలుపు వినగానే నా ఒళ్లంతా మండిపోయింది. ఇంకోసారి నన్ను ఆ మాటతో పిలవొద్దని చెప్పి, ఆయన భార్య చాయ్ తెస్తుంటే చూసి కూడా ఆగకుండా బయటికొచ్చాను.